మెకానికల్ డిప్లొమా మూడేళ్ళు: చేరబోయేవాళ్ళకి నా అనుభవం

మా పిన్ని కొడుక్కి ఈ ఏడు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. మెకానికల్ డిప్లొమాలో వెయ్యాలా, ఇంటర్లో వేసి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ ఇప్పించాలా అని పిన్ని వారంలో నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పేకన్నా, నేను చదివిన మూడేళ్ళ గురించి ఒక్కసారి కూర్చుని రాసేస్తే ఇలాంటి ఆలోచనలో ఉన్న మిగతావాళ్ళకీ పనికొస్తుందనిపించింది. 2016లో చేరి 2019లో బయటికొచ్చాను. గోదావరి జిల్లాల్లో ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్. బాగున్నవీ బాగోలేనివీ రెండూ రాస్తున్నాను కనక కాలేజీ పేరు రాయను. ఇప్పుడు శ్రీసిటీలో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగు మార్కులిస్తాను. ఆ నాలుగూ వర్క్‌షాప్‌కీ, ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కీ వచ్చాయి. పోయిన ఒక్క మార్కూ కూడా వర్క్‌షాప్ దగ్గరే పోయింది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాయాలి. రెండు గంటలు, 120 ప్రశ్నలు, అన్నీ పదో తరగతి లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాల్లోంచే. కోర్సు మూడేళ్ళు, పరీక్షలు సాంకేతిక విద్యా మండలి పెడుతుంది. తెలంగాణలో మండలీ వేరు, పాలిసెట్టూ వేరు. మా బ్యాచ్‌ది 2016లో మొదలైన సీ-16 సిలబస్. మొదటి సంవత్సరం ఏడాది చివర ఒకేసారి పరీక్షలు, ఆ తర్వాత సెమిస్టర్లు. ప్రభుత్వ కాలేజీలో ఫీజు ఏడాదికి ఐదు వేల లోపే. మా నాన్న తణుకు దగ్గర రైసు మిల్లులో ఫిట్టరు. ఇంటర్ కార్పొరేట్ కాలేజీ ఫీజు ఆయన జీతంతో అయ్యే పని కాదు. నేను డిప్లొమాలో చేరడానికి మొదటి కారణం అదే. రెండో కారణం చేరాక దొరికింది.

మొదటి ఏడాది ఫిట్టింగ్‌తో మొదలైంది. 50 మిల్లీమీటర్లు పొడవూ వెడల్పూ, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప పలక ఒకటి చేతికిచ్చారు. దాన్ని వైసులో బిగించి, నాలుగు అంచులూ ఫైలుతో అరగదీసి, ఒకదానికొకటి సరిగ్గా 90 డిగ్రీలకి తేవాలి. అంతే పని. నాకు మూడు వారాలు పట్టింది. ఫైలు ముందుకు తోసేటప్పుడే బరువు వెయ్యాలి, వెనక్కి తెచ్చేటప్పుడు బరువు తీసెయ్యాలి. ఈ సంగతి మొదటి రోజే చెప్పారు. చెయ్యి వినడానికి మాత్రం పది రోజులు పట్టింది. అప్పటిదాకా అంచు మధ్యలో ఉబ్బుగా, రెండు చివర్లా జారుగా వచ్చేది. ఫైలు పళ్ళలో ఇనప రజను ఇరుక్కుంటే పలక మీద గీతలు పడతాయి. దానికి ముందుగా ఫైలుకి సుద్ద రాయాలని మాస్టారు చూపించారు. అరిచేతిలో బొబ్బలు లేచి, పగిలి, కాయ కట్టాయి.

అంచు అయిందనుకున్నప్పుడల్లా ట్రై స్క్వేర్ (మూలమట్టం) పెట్టి కిటికీ వైపు ఎత్తి చూడాలి. పలకకీ స్క్వేర్‌కీ మధ్య వెలుగు గీత కనిపిస్తే కాలేదన్నట్టు. మాస్టారు ఒక్క మాటే అనేవారు, "వెలుగు కనిపిస్తోందమ్మా, మళ్ళీ రా." ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఒక్కసారి కూడా పోనీలే అనలేదు. నాలుగో అంచు కూడా వెలుగు రాకుండా కూర్చున్న రోజు ఆయన ఏమీ అనకుండా రికార్డులో సంతకం పెట్టి ఇచ్చారు. ఇప్పుడు ఫ్యాక్టరీలో కొలతల యంత్రం తెర మీద అంకెలు చూపిస్తుంది. అయినా ఏదైనా ముక్క చేతికొస్తే ముందు వెలుగుకెత్తి చూస్తాను. సగం లోపాలు అక్కడే దొరికిపోతాయి.

ఆ ఏడాదే వడ్రంగం, కమ్మరం, రేకు పని, వెల్డింగ్ కూడా తలా కొన్ని వారాలు చేయించారు. వాటిలో వెల్డింగ్ ఒక్కటే కాస్త గట్టిగా నేర్పారు. మిగతావి రికార్డు నింపడానికే సరిపోయాయి.

చదువు సంగతి. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. డిప్లొమా పుస్తకాలూ పరీక్షలూ ఇంగ్లీషులో. మా లెక్చరర్లు చాలామంది తెలుగులోనే చెప్పి, పదాలు మాత్రం ఇంగ్లీషులో బోర్డు మీద రాసేవారు. నాలాంటివాళ్ళు నిలబడ్డారంటే దానివల్లే. ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్ దగ్గర చాలామంది జారిపోయారు. మొదటి ఏడాది అయ్యేసరికి మా క్లాసులో సగంమందికి అందులో బ్యాక్‌లాగ్ ఉంది. పిల్లాడికి పది లెక్కల్లో త్రికోణమితి గట్టిగా వస్తే భయం లేదు, రాకపోతే చేరేముందు వేసవిలోనే కూర్చోబెట్టండి.

త్రికోణమితి అని ఎందుకన్నానో చెప్తాను. రెండో ఏడు లేతు మీద, అంటే కడ్డీని తిప్పుతూ కోసే యంత్రం మీద, టేపర్ టర్నింగ్ ఉంటుంది. గుండ్రటి కడ్డీ ఒకవైపు లావుగా, రెండోవైపు సన్నగా వచ్చేలా చెయ్యడం. నాకిచ్చిన డ్రాయింగ్‌లో పెద్ద చివర 32, చిన్న చివర 20, పొడవు 60 మిల్లీమీటర్లు. రెండు వ్యాసాల తేడా 12. దాన్ని పొడవుకి రెట్టింపైన 120తో భాగిస్తే 0.1. టాన్ విలువ 0.1 ఏ కోణానికి వస్తుందో పట్టికలో చూస్తే 5 డిగ్రీల 43 నిమిషాలు. పదో తరగతిలో టాన్ తీటా ఎన్ని వందలసార్లు రాశానో. అది ఒక ఇనప ముక్కని కోసే పనికొస్తుందని ఆ రోజు దాకా ఎవరూ చెప్పలేదు. లేతు మీద కోత పనిముట్టుని పట్టుకునే కాంపౌండ్ రెస్ట్ తిప్పి ఆ కోణం పెట్టాలి. దాని మీద గీతలు డిగ్రీకొకటే ఉన్నాయి, నిమిషాలు లేవు. నేను అయిదున్నర దగ్గర బిగించాను. తేడా పావు డిగ్రీ కూడా లేదు. టేపర్ 60 మిల్లీమీటర్ల పొడవు వచ్చాక చిన్న చివర కొలిస్తే 20.44. మాస్టారు నా చేత మళ్ళీ లెక్క వేయించారు. అయిదున్నర డిగ్రీలకి కాగితం మీద కూడా దాదాపు 20.44 వచ్చింది! కాగితం చెప్పిందే కడ్డీ చెప్పిందని తెలిసిన ఆ మధ్యాహ్నం నాకు ఈ చదువు మీద ప్రేమ పుట్టింది. రెండో కారణం అన్నాను కదా, ఇదే.

ఇక పోయిన మార్కు. మా క్లాసులో 60 మంది, ప్రాక్టికల్స్‌కి రెండు బ్యాచులు. షెడ్డులో ఎనిమిది లేతులుంటే తిరిగేవి అయిదు. ఒక్కో లేతుకి ఆరుగురు. మూడు గంటల పీరియడ్‌లో మనిషికి అరగంట కూడా దక్కదు. ఆడపిల్లలం నలుగురం. మొదట్లో మగపిల్లలు లేతు దగ్గర నిలబడితే మేము రీడింగులు రాసుకునేవాళ్ళం. ఎవరూ వద్దనలేదు, అలా జరిగిపోయేదంతే. నాకది నచ్చలేదు. లంచ్ టైంలో షెడ్డు తెరుస్తారా అని అటెండర్ బాబాయిని అడిగాను. ఆయన మాస్టార్ని అడిగి, తన ముందరే పనిచెయ్యాలనే షరతు మీద తెరిచారు. మా నలుగురికీ లేతు వచ్చింది ఆ లంచ్ గంటల్లోనే. ఆ బాబాయి అన్నం డబ్బా లేతు పక్కనే పెట్టుకుని తింటూ, కడ్డీని పట్టి ఉంచే చక్‌ని బిగించే కీ చక్‌లోనే వదిలేసి స్విచ్ వేస్తున్నామేమోనని ఓ కంట చూస్తూ ఉండేవారు. అది మర్చిపోయి మోటారు ఆన్ చేస్తే కీ ఎగిరి ఎవరి తలకైనా తగలొచ్చు. నలుగురికీ ఆ అలవాటు జీవితాంతానికి పడింది.

కంప్యూటర్ కోడ్లతో నడిచే సీఎన్‌సీ యంత్రం ఒకటుండేది. కవరు కప్పి ఉండేది. కోడ్లు మాత్రం నోట్సులో రాయించారు, జీ01 అంటే సూటిగా కోత, ఎం03 అంటే స్పిండిల్ తిరగడం అని. కంప్యూటర్లో బొమ్మ తిరగడం చూపించారు. అసలు యంత్రం తిరగడం మూడేళ్ళలో రెండుసార్లు చూశాను. ఈ రోజు ఏ ఫ్యాక్టరీకెళ్ళినా ముందు అడిగేది అదే. థర్మల్ సబ్జెక్టుకి లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉండి సగం సెమిస్టర్ గడిచాక గెస్ట్ లెక్చరర్ వచ్చారు. పాపం ఆయన ఉరుకులు పరుగుల మీద ముగించారు. ఆ సబ్జెక్టు నాకిప్పటికీ పచ్చిగానే ఉంది.

డ్రాయింగ్ గురించి విడిగా చెప్పాలి. గీతలు గీసే మినీ డ్రాఫ్టర్ పరికరం భుజాన వేసుకుని తిరిగే వయసులో అది శిక్షలా ఉంటుంది. ఒక షీటు గీయడానికి రాత్రి రెండయ్యేది. కానీ ఇప్పుడు నా అన్నం దానిమీదే. మన దగ్గర ఫస్ట్ యాంగిల్ పద్ధతి నేర్పుతారు, అంటే వస్తువుని పైనుంచి చూసిన బొమ్మ ముందు బొమ్మకి కింద గీస్తారు. జపాన్ కంపెనీల డ్రాయింగులు థర్డ్ యాంగిల్‌లో వస్తాయి, పైనుంచి చూసింది పైనే ఉంటుంది. కాలేజీలో థర్డ్ యాంగిల్ అంటే ఒక గుర్తు, ఒక మార్కు ప్రశ్న, అంతవరకే. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక బ్రాకెట్ డ్రాయింగ్‌ని అలవాటు ప్రకారం ఫస్ట్ యాంగిల్‌లో చదివి, రంధ్రం అవతలివైపు ఉండాలని సరైన ముక్కల్నే తప్పు ట్రేలో వేశాను. లైన్ లీడర్ అన్న వచ్చి డ్రాయింగ్ మూలలో ఉన్న చిన్న శంకువు గుర్తు మీద వేలు పెట్టి చూపించాడు. అప్పట్నుంచి ఏ డ్రాయింగ్ తెరిచినా నా కళ్ళు ముందు ఆ మూలకే వెళ్తాయి. డిప్లొమా చదివే పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, రెండు పద్ధతుల్లోనూ ఒకే వస్తువుని గీసి చూసుకోండి. ఎవరూ చెప్పకపోయినా చేసుకోండి.

రెండో ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో జరిగింది ఒకటి చెప్తాను. నాన్న మిల్లులో ఒక షాఫ్టు మీద బేరింగ్ వదులైపోయి మాటిమాటికీ చప్పుడొస్తోంది. బేరింగ్ 6308. నాన్నకి ఆ నంబరు నోటికి వచ్చు. చివరి రెండంకెలు, అంటే 08ని, అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లని నేను చెప్తే, "అవునా, నేను కొలిచే తెచ్చేవాణ్ణి" అన్నారు. వెర్నియర్‌తో షాఫ్టు కొలిచాను. బేరింగ్ కూర్చునే చోట 39.86 ఉంది. ఇన్నాళ్ళూ నాన్న షాఫ్టు మీద పంచ్‌తో చుక్కలు కొట్టి, గరుకు చేసి బేరింగ్ బిగిస్తున్నారు. అది నెలరోజులు ఆగేది. వెల్డింగ్‌తో లోహం పోయించి, మళ్ళీ లేతు మీద 40కి తిప్పిద్దాం నాన్నా అన్నాను. ఆయన టర్నర్ దగ్గరికి నన్ను కూడా తీసుకెళ్ళి, "కొలతలు అమ్మాయి చెప్తుంది" అన్నారు. ఆ షాఫ్టు ఆ సీజనంతా నడిచింది. డిప్లొమా విలువ నాన్నకి మార్కుల మెమో చూసి తెలియలేదు, ఆ షాఫ్టుతో తెలిసింది.

మూడో ఏడాదిలో ఆరు నెలలు ఇండస్ట్రియల్ ట్రైనింగ్. మొత్తం కోర్సులో దీనికి సాటి లేదు. కానీ దీన్నే ఎక్కువమంది పాడుచేసుకుంటారు. నాతో చదివినవాళ్ళలో కొందరు ఎక్కడికీ వెళ్ళకుండానే డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఆ ఆరు నెలలూ, డిప్లొమావాళ్ళు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్ కోచింగ్‌లో కూర్చున్నారు. సంతకం పెట్టి ఇచ్చే షాపులున్నాయి, చూసీచూడనట్టుండేవాళ్ళూ ఉన్నారు. తల్లిదండ్రులకి తెలిసే జరిగింది. నాకిది ఇప్పటికీ బాధే. పిల్లలకి మిషన్ దొరికేదే ఆ ఆరు నెలలు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న మెషిన్ షాపుకి వెళ్ళాను. పటమటలో అత్తయ్య వాళ్ళింట్లో ఉండేదాన్ని. ఆడపిల్ల ట్రైనింగ్‌కి రావడం ఆ షాపులో అదే మొదటిసారి. ఓనర్ గారు రెండు రోజులు లెడ్జర్ రాయమన్నారు. మూడో రోజు నేనే సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్ తీసుకుని తయారైన బుష్‌లు కొలవడం మొదలుపెట్టాను. తప్పు చెప్తున్నానేమోనని ఆయన వెనకే నిలబడి చూశారు. ఒక షాఫ్టు లేతు మీంచి దిగీదిగగానే కొలిచి 50.00 అని చెప్పాను. ఆయన దాన్ని పక్కన పెట్టించి, టీ తాగొచ్చాక మళ్ళీ కొలవమన్నారు. 49.98 ఉంది. వేడి మీద లోహం ఉబ్బి ఉంటుంది, చల్లారాక కొలవాలి. పుస్తకంలో వ్యాకోచ గుణకం చదివాను. 50 మిల్లీమీటర్ల ఉక్కు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.024 మిల్లీమీటర్లు పెరుగుతుందని లెక్క వేసి చూపించగలను. కానీ వేడి ముక్కని కొలిచేటప్పుడు ఆ లెక్క నాకు గుర్తురాలేదు. ఆయన చదివింది ఏడో తరగతి. ఆ మనిషి దగ్గర ఆరు నెలల్లో నేర్చుకున్నది నాలుగు సెమిస్టర్లలో కూడా రాలేదంటే అతిశయోక్తి కాదు. వచ్చేటప్పుడు ఆయన నాకు ఒక సెంటర్ గేజ్ (మరలు కోసే పనిముట్టు కోణం సరిచూసే చిన్న పలక) ఇచ్చి పంపారు.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను, ఎందుకంటే తల్లిదండ్రులకి కావలసింది అదే. క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలు ట్రైనీలుగా తీసుకున్నాయి. మొదట్లో నాకు చేతికొచ్చింది నెలకి 11,500 రూపాయలు. బస్సూ, మధ్యాహ్నం భోజనం వాళ్ళవే. అప్రెంటిస్‌గా వెళ్ళిన డిప్లొమావాళ్ళకి 2019 నిబంధనల ప్రకారం అప్పట్లో కనీసం 8,000 స్టైపెండ్ ఉండేది. షిఫ్టులుంటాయి, నిలబడి చేసే పని. మొదటి మూడు నెలలు కాళ్ళు వాచేవి. ఇంటికి దూరం. ఇవన్నీ తట్టుకున్నవాళ్ళకి రెండు మూడేళ్ళలో చెయ్యి తిరుగుతుంది, జీతం కదులుతుంది. నాది ఇప్పుడు మొదటి జీతానికి రెట్టింపు దాటింది. రైల్వే జేఈ (జూనియర్ ఇంజనీర్), ఎస్సెస్సీ జేఈ పరీక్షలకి కూడా డిప్లొమా చాలు. మాతో చదివిన ఒకబ్బాయి మూడో ప్రయత్నంలో రైల్వేలో కొట్టాడు.

ఒక మెట్టు దగ్గర ఆగిపోతామన్నది మాత్రం నిజం. ఇంజనీర్ అన్న హోదాకి బీటెక్ అడుగుతారు. నా పక్క టేబుల్లో బీటెక్ చేసినమ్మాయి నాకంటే ఆరేళ్ళు ఆలస్యంగా చేరి, నాకంటే పై గ్రేడులో ఉంది. మైక్రోమీటర్ జీరో సరిచూడటం ఆమెకి నేనే నేర్పాను. ఆమె మీద నాకేం కోపం లేదు, మంచి పిల్ల. పద్ధతి అలా ఉంది. ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. 200 ప్రశ్నలు, అందులో 100 మన బ్రాంచివే. నేను రాయలేదు. తమ్ముడి చదువు ఉండింది. 2023 నుంచి ఉద్యోగం చేసుకుంటూనే బీటెక్ చదివే వీలు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ) కల్పించింది. ఉద్యోగం చేసే చోటికి దగ్గరలో ఉన్న కాలేజీలోనే చేరాలి. నేనిప్పుడు ఆ దారి చూసుకుంటున్నాను.

పిన్నీ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. వాడు సైకిల్ విప్పి మళ్ళీ బిగించే పిల్లాడు, ఫ్యాను రెక్కల్లో చప్పుడెక్కడిదో వెతికే పిల్లాడు. వెయ్యి. "బీటెక్‌కి అడ్డదారి" అనుకుని మాత్రం వెయ్యకు. ఆ లెక్కన వేస్తే మూడేళ్ళూ కోచింగ్ మీదే ధ్యాసుంటుంది, వర్క్‌షాప్‌లో ఉండదు. అలా అనుకునేటట్టయితే ఇంటర్లోనే వెయ్యి, నయం.

ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి వెళ్ళి చూడండి. బిల్డింగు రంగులు, బోర్డు మీద ప్లేస్‌మెంట్ ఫోటోలూ చూసి రావద్దు. వర్క్‌షాప్ షెడ్డు ఎక్కడని అడగండి. లేతుల కింద ట్రేలో ఇనప చిప్స్ ఉన్నాయా, నేల మీద నూనె మరకలున్నాయా, ఫైళ్ళ పిడులు చేతి మురికికి నల్లబడ్డాయా చూడండి. తుడిచి, అద్దంలా పెట్టి ఉందంటే అక్కడ పిల్లలు పని చెయ్యడం లేదు. సీఎన్‌సీ కవరు తీసి చూపించమనండి. అటెండరుతో ఓ రెండు నిమిషాలు మాట్లాడండి. ఎన్ని మిషన్లు తిరుగుతున్నాయో ఆయనకి తెలిసినంత ప్రిన్సిపాల్ గారికి కూడా తెలియదు. ఆడపిల్లని పంపేవాళ్ళు హాస్టల్ ఎంత దూరమో, సాయంత్రం ల్యాబ్ అయ్యాక బస్సుందో లేదో కూడా చూసుకోండి. మా హాస్టల్ కాలేజీ ఆవరణలోనే ఉండేది కాబట్టే నాకు ఆ లంచ్ గంటలు దక్కాయి.

సీటు వచ్చాక కొనాల్సినవి ఎక్కువేం లేవు. మినీ డ్రాఫ్టర్ కొత్తది అక్కర్లేదు, ఫైనలియర్ వాళ్ళ దగ్గర సగం ధరకి దొరుకుతుంది, కీళ్ళు వదులుగా లేకుండా చూసి తీసుకోండి. ఏప్రాన్ ముదురు నీలం రంగుది రెండు జతలు. బూట్లు మాత్రం కొత్తవే, కాలివేళ్ళ దగ్గర గట్టిగా ఉండేవి కొనండి పిన్నీ, చెప్పులతో షెడ్డులోకి రానివ్వరు.